స్టీవ్ కోపెల్: 28 ఏళ్లకే వింగ్ వదిలి డగౌట్‌లోకి (ఆట, మోకాలు, కోచింగ్)

కుడిరెక్క_7

ఫుట్‌బాల్‌లో వింగర్‌గా (మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు) ఆడి కోచ్ అయినవాళ్ల మాట వస్తే అందరూ ముందు గిగ్స్ పేరు ఎత్తుతారు. కోచింగ్ కోణంలో చూస్తే స్టీవ్ కోపెల్ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఎక్కువ. అందుకే ఆయన కోసమే విడిగా ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు వివరాలు. 1955లో లివర్‌పూల్‌లో పుట్టాడు. ట్రాన్‌మియర్ రోవర్స్‌కి ఆడుతూనే లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చదివాడు. 1975లో మేనేజర్ టామీ డాకర్టీ ఆయన్ని మాంచెస్టర్ యునైటెడ్‌కి తీసుకున్నాడు. అప్పుడు యునైటెడ్ రెండో డివిజన్‌లో ఉంది, ఆ సీజన్ చివర్లోనే పైకి వచ్చింది. 1976, 1977, 1979లో మూడు ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ కప్) ఫైనల్స్ ఆడాడు, 1977లో లివర్‌పూల్ మీద 2-1తో గెలిచాడు. యునైటెడ్‌కి మొత్తం 396 మ్యాచ్‌లు, 70 గోల్స్. ఇంగ్లండ్‌కి 42 మ్యాచ్‌లు, 7 గోల్స్. మధ్యలో 200కు పైగా లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ వదలకుండా వరసగా ఆడాడు. బంతి వెంట రెండు వైపులా పరిగెత్తే వింగర్‌కి అది మామూలు సంగతి కాదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కోచ్‌గా ఆయన కట్టిన జట్లకి ఆయన డ్రిబ్లింగ్ రాలేదు, ఆయన వెనక్కి పరిగెత్తిన పరుగు వచ్చింది. ఆయన మేనేజర్‌గా ఉన్న క్రిస్టల్ పాలెస్, రెడింగ్ జట్లు రెండింటినీ ఈ కళ్లతోనే చూడాలంటాను.

నాలుగు_నాలుగు_రెండు

మంచి చర్చ పెట్టారు. మీ మాటకి ఆధారం ఆయన ఆడే రోజుల్లోనే దొరుకుతుంది. డాకర్టీ దగ్గర ఇటు కోపెల్, అటు గోర్డన్ హిల్. ఇద్దరూ అసలైన వింగర్లు, టచ్‌లైన్‌కి (మైదానం పక్క గీత) అంటిపెట్టుకుని ఆడేవాళ్లు. 1977లో డేవ్ సెక్స్‌టన్ మేనేజర్‌గా వచ్చాక లెక్క మారిపోయింది. వింగర్ డిఫెన్స్ కూడా చెయ్యాలన్నది సెక్స్‌టన్ పట్టు. హిల్ ఆ పనికి ఒదగలేదు, 1978లో డార్బీకి వెళ్లిపోయాడు. కోపెల్ నిలబడ్డాడు. ఒకే క్లబ్‌లో, ఒకే స్థానంలో, రెండు పూర్తిగా వేరే ఉద్యోగాలు చేశాడన్నమాట. వింగర్‌ని ఎలా వాడొచ్చో రెండు పద్ధతులూ లోపలి నుంచి చూసినవాడు.

కొత్త_విజిల్

ఒక సందేహం అండీ. "వింగర్ వెనక్కి రావాలి" అని అందరూ అంటారు. ఎక్కడిదాకా రావాలి? ఎప్పుడు రావాలి? పిల్లలకి అరిచి చెబితే సగం మంది సొంత ఫుల్‌బ్యాక్ (పక్కన ఆడే డిఫెండర్) ఒళ్లో కూర్చుంటారు, మిగతావాళ్లు నడుస్తూ వస్తారు.

నాలుగు_నాలుగు_రెండు

కొత్త_విజిల్ గారూ, "వెనక్కి రా" అనే మాటతోనే చిక్కు వస్తుంది. ఆటగాడికి దిశ చెబుతున్నాం, చోటు చెప్పడం లేదు. 4-4-2లో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) పని ఇలా విడదీసి చెప్పండి.

బంతి అవతలి వైపు టచ్‌లైన్ దగ్గర ఉంటే మన వింగర్ లోపలికి జరగాలి. గుర్తు పెనాల్టీ బాక్స్ నిలువు గీత. మైదానం వెడల్పు 68 మీటర్లు, బాక్స్ వెడల్పు 40.32 మీటర్లు, అంటే గీత నుంచి టచ్‌లైన్‌కి ఇంచుమించు 13.8 మీటర్లు. ఆ గీతని ఊహలో మైదానం పొడవునా సాగదీసి దాని మీద నిలబడమనండి. అంతకన్నా బయట ఉంటే మధ్యలో ఇద్దరు మిడ్‌ఫీల్డర్ల మీద భారం పడుతుంది.

బంతి మన వైపు ఉంటే ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ దగ్గరికి వెళ్లేది వింగరే, మన ఫుల్‌బ్యాక్ కాదు. ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వెళ్లి లోపలి పాస్ మూసెయ్యాలి, బయటి దారి వదలాలి.

ఆ ఫుల్‌బ్యాక్ పాస్ ఇచ్చి ముందుకి పరిగెత్తాడనుకోండి. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. వింగర్ బంతిని చూస్తూ ఆగిపోతాడు. మన ఫుల్‌బ్యాక్ ఒక్కడి మీదికి ఇద్దరు వస్తారు. పాస్ వెళ్లిన క్షణంలోనే, బంతి వైపు చూడకుండా, మొదటి మూడు అడుగులు మనిషి వెంట వెయ్యాలి. ఆ మూడు అడుగులు ఆలస్యమైతే ఎంత వేగమున్నా అందుకోలేడు. ఎక్కడ ఆగాలంటే, మన ఫుల్‌బ్యాక్ "వదిలెయ్, నాది" అని అరిచిన చోట. అరుపు రాకపోతే గోల్ లైన్ దాకా వెంటపడాల్సిందే. సొంత ఫుల్‌బ్యాక్ ఒళ్లో కూర్చోవడం మానాలంటే ఈ అరుపు అలవాటు చెయ్యడమే మందు.

మోకాలి_బాగు

ఆ పరుగులన్నీ ఒక మోకాలి మీద ఎంత భారం వేస్తాయో ఇక్కడ చెప్పుకోవాలి.

1981 నవంబర్, వెంబ్లీ, హంగేరీతో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. యోజెఫ్ టోట్ టాకిల్‌తో కోపెల్ మోకాలు దెబ్బతింది. ఆట అప్పుడే ఆగిపోలేదు. 1982 ప్రపంచకప్ ఆడాడు, 1983 వసంతం దాకా లాగాడు. ఆ ఏడాది ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కి దూరమయ్యాడు, అక్టోబర్‌లో ఆట మానేశాడు. అప్పటికి 28 ఏళ్లు.

వింగర్‌కి మోకాలు ఎందుకు అంత ప్రాణమో చూడండి. పూర్తి వేగంలో వచ్చి ఒక కాలు నేలకి పాతి, శరీరం మరోవైపు తిప్పడమే ఆ ఆట. బూటు స్టడ్స్ గడ్డిలో బిగిసి ఉంటాయి, తొడ ఎముక తిరుగుతుంది, కింది ఎముక తిరగదు. మధ్యలో నలిగేవి రెండు: ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్, గుజ్జు అని మనం అనే మెనిస్కస్. ఆ రోజుల్లో మెనిస్కస్ చిరిగితే చాలావరకు మొత్తం తీసేసేవాళ్లు. నొప్పి తగ్గేది, కానీ ఎముక మీద ఎముక భారం పడి కీలు త్వరగా అరిగేది. ఇప్పుడు వీలైనంతవరకు కుట్టి నిలబెడతారు, చిరిగిన అంచు మాత్రమే తీస్తారు.

ఇలాంటి మోకాలికి తెలిసే గుర్తు నొప్పి ఒక్కటే కాదు. ఆడిన మర్నాడు వాపు చూడండి. వాపు 48 గంటల్లో దిగకపోతే ఆ కీలు ఆ భారం మొయ్యలేకపోతోందని అర్థం. ఇంజెక్షన్‌తో నొప్పి మూసి ఆడించడం ఆ గుర్తుని చెరిపేయడమే. నాకు ఈ విషయంలో పట్టుదల ఉంది, ఒప్పుకుంటాను.

కుడిరెక్క_7

1982 ప్రపంచకప్ మాట ఎత్తారు కాబట్టి ఒక్క ముక్క దగ్గరగా చూద్దాం. బిల్బావోలో ఫ్రాన్స్‌తో మ్యాచ్. కుడివైపు నుంచి కోపెల్ పొడవాటి త్రో వేశాడు. బాక్స్‌లో టెర్రీ బుచర్ తలతో వెనక్కి తాకించాడు. దూరపు పోస్ట్ వైపు ఎవరూ కాయని చోట బ్రయాన్ రాబ్సన్ కాలు పెట్టాడు. 27 సెకన్లలో గోల్.

ఇప్పుడు 1990కి రండి. విల్లా పార్క్, ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్, పాలెస్, లివర్‌పూల్. అదనపు సమయంలో ఆండీ గ్రే కార్నర్, దగ్గరి పోస్ట్ దగ్గర ఆండీ థార్న్ తలతో వెనక్కి తాకింపు, అలన్ పార్డ్యూ తలతో గోల్. 4-3. ఒకటి త్రో, ఒకటి కార్నర్, అంతే తేడా. గీసి చూస్తే రెండు గోల్స్ బొమ్మ ఒకటే.

పాయింట్ల_పట్టిక

ఆ సెమీఫైనల్ విలువ తెలియాలంటే అంతకుముందు కథ పక్కన పెట్టుకోవాలి. 1984లో కోపెల్ పాలెస్ మేనేజర్ అయ్యాడు, 28 ఏళ్లకే. 1985లో లీగ్ బయటి గ్రీనిచ్ బరో నుంచి ఇయన్ రైట్‌ని తెచ్చాడు, 1986లో లెస్టర్ నుంచి మార్క్ బ్రైట్‌ని. 1989 ప్లేఆఫ్‌లో (పై డివిజన్‌కి ఎక్కే చివరి చోటు కోసం ఆడే మ్యాచ్‌లు) బ్లాక్‌బర్న్‌తో బయట 3-1తో ఓడి, సొంతగడ్డ మీద అదనపు సమయంలో 3-0తో గెలిచి మొదటి డివిజన్‌కి ఎక్కారు. సెప్టెంబర్‌లో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 9-0తో ఓడారు. లివర్‌పూల్ తరఫున ఎనిమిది మంది వేరువేరుగా గోల్ కొట్టారు.

దాని తర్వాత ఆయన చేసింది గమనించండి. పద్ధతి మార్చలేదు, మనుషుల్ని మార్చాడు. నవంబర్‌లో బ్రిస్టల్ రోవర్స్ నుంచి నైజల్ మార్టిన్‌ని పది లక్షల పౌండ్లకి కొన్నాడు, బ్రిటన్‌లో ఒక గోల్‌కీపర్‌కి అంత పెట్టడం అదే మొదలు. న్యూకాసిల్ నుంచి థార్న్‌ని తెచ్చాడు. తొమ్మిది గోల్స్ తిన్న గోల్ ముందు చోటుని ఇద్దరితో నింపాడు. ఏప్రిల్‌లో గెలిపించిన కార్నర్‌లో తల పెట్టింది ఆ థార్నే.

ఫైనల్ 3-3. కాలి ఎముక విరిగి కోలుకుంటున్న రైట్ బెంచ్ నుంచి వచ్చి రెండు కొట్టాడు. రీప్లేలో లీ మార్టిన్ గోల్‌తో యునైటెడ్ 1-0. 1990-91లో పాలెస్ 69 పాయింట్లతో మూడో స్థానం.

తెల్లగీత

ఒప్పుకోను. పాలెస్ ఆట పొడుగు బంతుల ఆట. గోల్‌కీపర్ తంతాడు, బ్రైట్ తలతో ఆపుతాడు, రైట్ పరిగెడతాడు. అందులో వింగర్ బుద్ధి ఏముంది? ఎవరు కోచ్ అయినా అదే ఆడించొచ్చు.

నాలుగు_నాలుగు_రెండు

తెల్లగీత గారూ, బంతి గాల్లో ఉన్నప్పుడు మాత్రమే చూస్తే అలాగే అనిపిస్తుంది. అది కింద పడ్డాక ఎవరు ఎక్కడ ఉన్నారో చూడండి. బ్రైట్ తలతో దింపిన బంతి మూడింట రెండుసార్లు పక్కలకే వెళ్తుంది అనుకోండి, అక్కడ ముందుగా చేరేవాడు కావాలి. ఆ పని ఫిల్ బార్బర్, ఎడీ మెక్‌గోల్డ్రిక్, జాన్ సాలకో లాంటివాళ్లది. బంతి పోతే వెంటనే వెనక్కి తిరిగేదీ వాళ్లే.

ఆ సెమీఫైనల్‌లో పాలెస్ మొదటి గోల్ ఇంకా మంచి సాక్ష్యం. రెండో సగం మొదలవగానే రైట్‌బ్యాక్ జాన్ పెంబర్టన్ సొంత సగం నుంచి కుడి టచ్‌లైన్ వెంట బంతితో దూసుకెళ్లి క్రాస్ వేశాడు. సాలకో కొట్టింది అడ్డుపడింది, తిరిగొచ్చిన బంతిని బ్రైట్ లోపలికి కొట్టాడు. రైట్‌బ్యాక్ అంతదూరం పోగలిగాడంటే వెనక ఖాళీని ఎవరో ఒకరు కాయాలి. ఆ పొందిక ఊరికే కుదరదు.

తెల్లగీత

పెంబర్టన్ పరుగు సంగతి ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఇప్పుడు సగమే.

కుడిరెక్క_7

మిగతా సగం రెడింగ్ తీరుస్తుంది. 2005-06, రెండో శ్రేణి. ఎవరు ఎక్కడ ఆడేవారో పెడుతున్నాను: గోల్‌లో మార్కస్ హానెమన్. వెనక గ్రేమ్ మర్టీ, ఇబ్రహీమా సోంకో, ఇవార్ ఇంగిమార్సన్, నిక్కీ షోరీ. మధ్యలో సిడ్వెల్, హార్పర్. కుడి వింగ్ గ్లెన్ లిటిల్, ఎడమ బాబీ కాన్వీ. ముందు కెవిన్ డాయిల్‌తో కలిపి లీటా గానీ కిట్సన్ గానీ.

లిటిల్, కాన్వీ ఒకేలాంటి వింగర్లు కారు. లిటిల్‌కి వేగం తక్కువ, బంతిని కాళ్ల కింద దాచి ఫుల్‌బ్యాక్‌ని ఆగేలా చేసి అర అడుగు చోటు దొరకగానే క్రాస్ వేసేవాడు. కాన్వీ పరుగుతో దాటేవాడు. ఎడమవైపు షోరీ కాలు ఎంత మంచిదంటే, కాన్వీ ఫుల్‌బ్యాక్‌ని లోపలికి లాగితే చాలు, షోరీ ముప్పై మీటర్ల దూరం నుంచే క్రాస్ వేసేవాడు. రెండు వైపులా రెండు వేరు తాళాలు. ప్రత్యర్థి కోచ్ ఒకే సలహా ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లకీ ఇవ్వలేడు. ఇది వింగర్‌గా బతికినవాడికే తట్టే పొందిక.

పాయింట్ల_పట్టిక

ఆ సీజన్ అంకెలు: 46 మ్యాచ్‌లు, 31 గెలుపులు, 13 డ్రాలు, 2 ఓటములు. కొట్టినవి 99, తిన్నవి 32. 106 పాయింట్లు, ఇంగ్లండ్ రెండో శ్రేణిలో రికార్డు. అంతకుముందు రికార్డు సండర్లాండ్‌ది, 105. మొదటి రోజే సొంత మైదానంలో ప్లిమత్ చేతిలో ఓడారు, ఆ తర్వాత వరసగా 33 లీగ్ మ్యాచ్‌లు ఓడలేదు. మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో 55 పాయింట్లు, ఎనిమిదో స్థానం. లీగ్ మేనేజర్ల సంఘం ఏటి మేటి మేనేజర్ పురస్కారం 2006, 2007లో వరసగా ఆయనకే.

డాయిల్, షేన్ లాంగ్ ఇద్దరూ ఐర్లండ్‌లోని కార్క్ సిటీ నుంచి వచ్చినవాళ్లే. రైట్‌ని తెచ్చినప్పటి చూపే ఇది, ఇరవై ఏళ్ల తర్వాత.

కొత్త_విజిల్

షోరీలా దూరం నుంచి, లిటిల్‌లా దగ్గర నుంచి, రెండు రకాల క్రాస్‌లూ ఒకే సాధనలో నేర్పొచ్చా? మా దగ్గర వింగర్ క్రాస్ వేసేసరికి బాక్స్‌లో అందరూ నిలబడిపోయి ఉంటారు.

నాలుగు_నాలుగు_రెండు

నేర్పొచ్చు. సగం మైదానం చాలు. ఒక గోల్‌కీపర్, ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, బాక్స్‌లోకి పరిగెత్తే ముగ్గురు, ఒక్కో పక్క ఒక వింగర్, ఒక ఫుల్‌బ్యాక్, వాళ్ల ఎదురుగా ఒక డిఫెండర్. గోల్‌కి 40 మీటర్ల దూరం నుంచి బంతి పంపేవాడు ఒకడు.

బంతి వింగర్‌కి చేరాక ఎనిమిది సెకన్లలో క్రాస్ పడాలి. వింగర్‌కి మూడు దారులు: డిఫెండర్‌ని దాటి బైలైన్ (గోల్ ఉన్న వైపు గీత) దాకా వెళ్లి వెనక్కి కట్ చెయ్యడం, అర అడుగు చోటుతో అక్కడి నుంచే వెయ్యడం, ఫుల్‌బ్యాక్‌కి వెనక్కి ఇచ్చి దూరం నుంచి వేయించడం. ఒక్కో పక్క ఎనిమిదిసార్లు, తర్వాత తొంభై సెకన్ల విశ్రాంతి, తర్వాత రెండో పక్క. మూడు విడతలకు మించితే కాళ్లు అలసి క్రాస్ నాణ్యత పడిపోతుంది, చెడ్డ అలవాటు కుదురుతుంది.

పరిగెత్తే ముగ్గురికి చోట్లు: ఒకడు దగ్గరి పోస్ట్ ముందు 5.5 మీటర్ల బాక్స్ అంచుకి, ఒకడు దూరపు పోస్ట్‌కి, ఒకడు పెనాల్టీ చుక్క దగ్గరికి ఆలస్యంగా. మీరు చెప్పిన జబ్బుకి కారణం తొందరగా లోపలికి చేరిపోవడం. చేరాక ఆగుతారు, ఆగినవాణ్ణి సెంటర్‌బ్యాక్ తేలిగ్గా పట్టుకుంటాడు. గుర్తు ఒక్కటే పెట్టండి: వింగర్ క్రాస్‌కి ముందు బంతిని పక్కకి తోసే చివరి టచ్. ఆ టచ్ పడేదాకా ఎవరూ వేగం పెంచకూడదు, పడగానే ముగ్గురూ ఒకేసారి దూకాలి.

వింగర్ తప్పు ఇంకోటి ఉంటుంది. బంతి కాళ్ల కిందికి వచ్చేస్తే క్రాస్ గాల్లో తేలిపోతుంది. ఆ చివరి టచ్ ఒక మీటరు ముందుకి పోవాలి, అప్పుడే నడుము తిరుగుతుంది. తలెత్తి చూడాల్సింది ఆ టచ్‌కి ముందు. టచ్ తర్వాత చూస్తే ఆలస్యం.

కట్‌బ్యాక్‌లో ఇంకో లాభం ఉంది: అందుకునేవాడు బంతికి వెనకే ఉంటాడు కాబట్టి ఆఫ్‌సైడ్ బెడద లేదు.

తెల్లగీత

మరి 2008లో రెడింగ్ దిగిపోయింది కదా? ఆ పొందిక ఏమైంది?

పాయింట్ల_పట్టిక

36 పాయింట్లు, ఫుల్‌హామ్‌కీ 36. ఫుల్‌హామ్ గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీస్తే) మైనస్ 22, రెడింగ్‌ది మైనస్ 25. చివరి రోజు డార్బీని 4-0తో కొట్టినా చాలలేదు. 1993లో పాలెస్‌కీ ఇదే గతి: 49 పాయింట్లు, ఓల్డమ్‌కీ 49. ఓల్డమ్ మైనస్ 11, పాలెస్ మైనస్ 13. ఆయన జట్లు ప్రీమియర్ లీగ్ నుంచి రెండుసార్లు దిగితే, రెండుసార్లూ గోల్స్ తేడాతోనే.

2007-08లో ఎక్కడ పోయిందో మ్యాచ్‌లే చెబుతాయి. పోర్ట్‌స్మత్ చేతిలో 7-4, టాటెన్‌హామ్ చేతిలో 6-4. నాలుగేసి గోల్స్ కొట్టి ఓడడం. సిడ్వెల్ చెల్సీకి వెళ్లిపోయాక మధ్యలో అడ్డు తగ్గింది. మధ్య తెగితే వింగర్లు లోపలికి వచ్చి కాయాలి, అప్పుడు పక్కలు తెరుచుకుంటాయి. 4-4-2లో ఒక మిడ్‌ఫీల్డర్ బలహీనపడితే దెబ్బ కనిపించేది ఫుల్‌బ్యాక్ దగ్గర.

నాలుగు_నాలుగు_రెండు

అలాంటప్పుడు 5-3గా ఓడుతున్న మ్యాచ్‌ని 5-3 దగ్గరే ఆపడం కూడా ఒక పని. చివరి పావుగంటలో ఒక స్ట్రైకర్‌ని తీసి మధ్యలో మూడోవాణ్ణి పెట్టడం పిరికితనం అనుకుంటారు. సీజన్ చివర మూడు గోల్స్ తేడాతో లీగ్ పోయినప్పుడు ఆ పావుగంటలే గుర్తొస్తాయి.

కొత్త_విజిల్

ఆయన అప్పట్లో కోచింగ్ లైసెన్స్ లేకుండానే నేరుగా మేనేజర్ అయిపోయారా? ఇప్పుడు ఒక వింగర్ 28 ఏళ్లకి ఆగిపోతే అలా కుదురుతుందా?

పాయింట్ల_పట్టిక

1984లో మేనేజర్‌కి తప్పనిసరి లైసెన్స్ నియమం లేదు. ఇప్పుడు ఐరోపాలో మెట్లు నాలుగు: సి, బి, ఏ, ప్రో. యుయెఫా (ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య) కనీస శిక్షణ గంటలు వరసగా 60, 120, 180, 360. అగ్ర శ్రేణి జట్టుకి ప్రధాన కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక జట్టుతో పనిచేసిన అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి గాయంతో ఆగిన ఆటగాడు మోకాలు కోలుకునే నెలల్లోనే మొదటి మెట్టు ఎక్కెయ్యడం మేలు. చదువంతా మైదానంలోనే కాదు, ఆట విశ్లేషణ కుర్చీలో కూర్చుని చెయ్యొచ్చు.

కోపెల్ అప్పటికే ఊరికే లేడు. ఆడుతూనే 1982 నుంచి వృత్తి ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆటగాళ్ల కాంట్రాక్టులు, గాయపడినవాళ్ల బాధలు దగ్గరగా చూశాడు. ఆ అనుభవం డ్రెస్సింగ్ రూమ్‌లో పనికొచ్చేదే.

కుడిరెక్క_7

చిన్న చిన్న మజిలీలు కూడా రాసి పెడదాం. 1996లో మాంచెస్టర్ సిటీకి వెళ్లి నెల తిరిగేసరికి వదిలేశాడు. బ్రెంట్‌ఫర్డ్‌తో 2002 ప్లేఆఫ్ ఫైనల్‌లో స్టోక్ చేతిలో ఓడాడు. 2010లో బ్రిస్టల్ సిటీలో రెండే మ్యాచ్‌లు.

ఆ తర్వాత మన దేశం. 2016లో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు కేరళ బ్లాస్టర్స్. లీగ్ దశలో 14 మ్యాచ్‌లకి 13 కొట్టి 15 తిన్నారు, అయినా 22 పాయింట్లతో రెండో స్థానం. కొచ్చిలో ఫైనల్ 1-1, పెనాల్టీల్లో కోల్‌కతా జట్టు ఏటీకే గెలిచింది. గోల్స్ తేడా మైనస్‌లో ఉండి రెండో స్థానం! రెండుసార్లు గోల్స్ తేడాతో దిగిపోయిన మనిషి, ఈసారి ఒక గోల్ తేడా గెలుపులు కూడబెట్టుకుని, పోయిన మ్యాచ్‌ని పోనిచ్చి పైకి వచ్చాడు. తర్వాత జంషెడ్‌పూర్‌కి మొదటి కోచ్, ఐదో స్థానం. ఆపైన ఏటీకే, ఆరో స్థానం.

తెల్లగీత

నా మిగతా సగం అభ్యంతరం కూడా తీసేసుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను: కోపెల్ త్రో, థార్న్ తాకింపు లాంటి ఆ బొమ్మని ఇప్పుడు నేర్పాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? వేసేవాడితోనా, తల పెట్టేవాడితోనా?

నాలుగు_నాలుగు_రెండు

మూడోవాడితో. దూరపు పోస్ట్‌కి వచ్చేవాడు బంతి తాకించినవాడి తలని దాటాక బయల్దేరితే అందదు. వేసేవాడి చేతులు కదలగానే బయల్దేరాలి, తాకింపు కుదురుతుందో లేదో చూడకుండా. పదింటిలో ఆరుసార్లు అక్కడికి బంతి రాదు, అయినా ఏడోసారి కూడా అదే వేగంతో పరిగెత్తే మనిషిని ముందు ఎంచుకోండి. త్రో అయితే నేరుగా అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ లేదు, కానీ తల తాకాక ఉంది, కాబట్టి మూడోవాడు బంతిని దాటి నిలబడకూడదు. మిగతా ఇద్దర్నీ తర్వాత సరిచెయ్యొచ్చు.